అనప సాలులో అక్షింతల పురుగు

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా కోలారు గోల్డ్ ఫీల్డ్స్ లైన్లలో చాలామంది మారికుప్పం రైలెక్కి బెంగళూరు మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనికి పోతున్నారు. పల్లెలో ఎకరమో అరెకరమో ఉన్నవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. బంగారుపేట దగ్గర మా అత్తది అట్లాంటి చేనే.

అక్కడ రాగి ఒక్కటే వేయరు. ఎనిమిది పది సాళ్ళు రాగి, ఆ తర్వాత ఒకటి రెండు సాళ్ళు కందో అనపో, మధ్యమధ్య ఆవాలు, గట్టున ఆముదం. దీన్నే ‘అక్కడి’ అంటారు. వాన తప్పితే ఏదో ఒకటైనా చేతికొస్తుందని పెద్దోళ్ళ లెక్క. పురుగుల విషయంలోనూ ఇది పనికొస్తుంది.

చలి మొదలైతే అనప చివుళ్ళకు పేనుబంక పడుతుంది. వెనకాలే అక్షింతల పురుగు వస్తుంది. ఎర్రగా, గుండ్రంగా, నల్ల మచ్చలతో ఉండే దాన్ని అందరూ గుర్తుపడతారు. దాని పిల్లనే గుర్తుపట్టరు. నల్లగా, పొడుగ్గా, గోరంత మొసలిలా ఉంటుంది, చీడనుకుని నలిపేస్తారు. పేనుబంకను వందల్లో తినేది అదే! రాగి కోశాక కూడా కంది, అనప నిలబడే ఉంటాయి కాబట్టి సాలీళ్ళూ అక్షింతల పురుగులూ చేను వదిలిపోవు, ఆ సాళ్ళలోకి జరుగుతాయి. చీడ గుడ్లలోనే తమ గుడ్లు పెట్టే సన్న ఈగలకు పూల తేనె దొరుకుతుంది.

ఇప్పుడు కోలారంటే టమాటా. కనుచూపు మేర ఒకటే పంట. పురుగు కనిపించినా మందే, కనిపించకపోయినా మందే. చీడతోపాటు ఈ మిత్రపురుగులూ చస్తాయి. మళ్ళీ ముందుగా పెరిగేది చీడే. ఆ మందు కొట్టే కూలికి పోయేదెవరు? మన తమ్ముళ్ళు, మన బావలే. తల తిరిగి పడుకున్న రోజుకు కూలి ఎవరిస్తారు?

టమాటాకీ దారుంది. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు 16 సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి నాటమంటారు. 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకొస్తాయి. కాయతొలుచు పురుగు తల్లి బంతిపూలకే ఎగబడి గుడ్లు పెడుతుంది. అలాగని పక్కన ఏది పడితే అది వేయకూడదు. ఆ పురుగుకు కంది, అనప కూడా ఇష్టమే.

సంక్రాంతికి ఊరికి పోయి పితికిపప్పుకు అనపకాయలు కోసేటప్పుడు ఆకు తిప్పి చూడండి. ఆ నల్ల పిల్ల కనిపిస్తే దాన్ని నలపకుండా పక్క కొమ్మ కోసుకోండి.