బడి హాలులో తెలుగు సినిమా: గ్లాస్గో కుటుంబాల కోసం

మన కుటుంబాలలో ఒక వింత స్థితి కనబడుతుంది. తాతకు తెలుగు వింటే అర్థమవుతుంది, కాని తిరిగి పలకబోతే మాట పెగలదు. మనుమరాలికి ఆ ధ్వనియే కొత్త. మారిషస్, నాటాల్, ఫిజీ, మలయా తోటలకు వెళ్లిన మన పూర్వీకులలో చాలామంది తెలుగును పుస్తకాలలో కాక చెవిలో మోసుకొని వెళ్లారు. పాటగా, కథగా, భజనగా అది నిలిచింది. కావున దానిని తిరిగి నేర్చుకొనేవారు కూడా చెవితోనే ఆరంభించడం సహజం. ప్రాథమిక పాఠశాల హాలులో కుటుంబాలన్నీ కలిసి చూసే సినిమా సాయంత్రం అందుకు మంచి సాధనం. గ్లాస్గోలో దానిని ఎలా నిర్వహించవచ్చునో ఇక్కడ వివరిస్తున్నాము.

గ్లాస్గో మన చరిత్రకు అపరిచితమైన నగరం కాదు. చెరకు మిల్లులకు యంత్రాలు చేసి లోకమంతటికీ పంపిన కర్మాగారాలు ఇక్కడ ఉండేవి. ఫిజీకి గిరిమిటి కూలీలను చేర్చిన గంజెస్ అనే ఓడ 1906లో ఈ నగరంలోని చార్లెస్ కానెల్ నౌకా నిర్మాణశాలలో తయారైంది. మన పెద్దలను దూరం తీసుకుపోయిన ఓడలు పుట్టిన ఊరిలోనే నేడు మన పిల్లలు బడికి వెళుతున్నారు.

కాలము, వేళ

డిసెంబరులో గ్లాస్గోలో సాయంత్రం నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్‌లో రాత్రి పది గంటల వరకు వెలుగు ఉంటుంది. బడి హాలు కిటికీలకు దట్టమైన తెరలు ఉండకపోవచ్చు. అందువలన అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు గల నెలలు అనుకూలం. శుక్రవారం ఐదు గంటలకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగిస్తే చిన్నపిల్లలు అలసిపోరు. పాత తెలుగు చిత్రాలలో చాలావాటికి దాదాపు మూడు గంటలు పడుతుంది. విశ్రాంతి వరకు ఒక శుక్రవారం, మిగిలిన భాగం తరువాతి శుక్రవారం చూపడం మంచిది. కథ ఏమవుతుందోనన్న ఆత్రంతో పిల్లలు మళ్లీ వస్తారు.

రెండు అనుమతులు

మొదటిది హాలుకు కావలసిన అనుమతి. ప్రధానోపాధ్యాయులను, బడి తల్లిదండ్రుల మండలిని కలిసి అడగాలి. స్కాట్లండ్‌లో ఈ మండలులు 2006 నాటి చట్టం ప్రకారం ఏర్పడినవి. వారు మనతో కలిస్తే పని సులువవుతుంది.

రెండవది సినిమాకు కావలసిన అనుమతి. ఇక్కడే మేము తొలిసారి పొరపడ్డాము. డిస్కు డబ్బిచ్చి కొన్నదే గదా, టిక్కెట్టు కూడా పెట్టడం లేదు గదా అనుకున్నాము. అసలు విషయం తెలిసిన తరువాత ప్రదర్శనను వాయిదా వేయవలసి వచ్చింది. బ్రిటన్‌లోని 1988 నాటి కాపీరైటు చట్టం 34వ విభాగం, బోధన కొరకు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చూపే చిత్రానికి మినహాయింపు ఇస్తుంది. అయితే విద్యార్థికి తల్లి లేదా తండ్రి అయినంత మాత్రాన ఒకరు బడి పనులతో నేరుగా సంబంధం కలవారు కారని అదే విభాగం స్పష్టం చేస్తుంది. అనగా తల్లిదండ్రులు, తాతమ్మలు వచ్చి కూర్చుంటే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది. ప్రవేశం ఉచితమైనా లైసెన్సు అవసరమే. ఇంగ్లీషు చిత్రాలకు లైసెన్సులిచ్చే సంస్థల వద్ద తెలుగు చిత్రం లేకపోతే, హక్కులు గల నిర్మాణ సంస్థ నుండి లేదా పంపిణీదారు నుండి వ్రాతపూర్వకమైన అనుమతి పొందాలి.

చిత్రం పిల్లలకు తగినదేనా అన్నది కూడా చూసుకోవాలి. భారతదేశపు సెన్సారు ధ్రువపత్రం ఇక్కడ చెల్లదు. బ్రిటిష్ వర్గీకరణలో 'యు' గుర్తు గలవి సాధారణంగా నాలుగేళ్లు, ఆపై వయసు పిల్లలకు తగినవి. వర్గీకరణ లేని చిత్రమైతే పెద్దలు ముందుగా పూర్తిగా చూసి, నగరపాలక మండలిని కూడా అడిగి నిర్ణయించాలి.

తలుపుల మాట

గ్లాస్గోకు పశ్చిమాన, కూతవేటు దూరంలో పైస్లీ పట్టణం ఉన్నది. అక్కడి గ్లెన్ సినిమాలో 1929 డిసెంబరు 31న పిల్లల ఆట జరుగుతుండగా ఒక ఫిల్ము డబ్బా నుండి పొగ వచ్చింది. పిల్లలు భయంతో బయటకు పరుగెత్తారు. బయటకు పోయే ద్వారం తెరుచుకోలేదు. తొక్కిసలాటలో, ఊపిరాడక 71 మంది పిల్లలు మరణించారు. ఆ తరువాత దేశమంతటా సినిమా హాళ్ల భద్రతా నియమాలు కట్టుదిట్టమయ్యాయి. తలుపులు బయటివైపుకు తెరుచుకోవాలన్న నియమం వెనుక ఆ పిల్లలు ఉన్నారు.

కనుక కుర్చీలు వేసేటప్పుడు ద్వారాలకు అడ్డం వేయకండి. హాలులో ఎందరు ఉండవచ్చునో బడివారు చెప్పిన సంఖ్యను మించకండి. ఆట మొదలుకు ముందు రెండు ద్వారాలనూ తెరిచి చూసి, ఒక్కొక్క ద్వారం వద్ద ఒక పెద్దమనిషిని నిలపండి. ఫలహారాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వేరుశెనగ పడని పిల్లలు ఉంటారు కాబట్టి పులిహోరలో పల్లీలు మానండి.

చెవికి పని

సినిమా తనంత తానే భాష నేర్పదు. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు కనబడితే పిల్లల కన్ను చదువుతుంది, చెవి మూతపడుతుంది. అందుచేత ఒక చిన్న ఘట్టాన్ని ఎంచుకొని, మొదట అక్షరాలతో, వెంటనే అక్షరాలు లేకుండా రెండవసారి చూపండి.

ఉదాహరణకు కె. వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన 'మాయాబజార్'ను తీసుకుందాము. ఆ కథ అంతా చుట్టరికం మీద నడుస్తుంది. శశిరేఖ తండ్రి బలరాముడు. బలరాముని చెల్లెలు సుభద్ర. సుభద్ర కొడుకు అభిమన్యుడు. కాబట్టి అభిమన్యునికి బలరాముడు మేనమామ, శశిరేఖ మరదలు. శశిరేఖకు సుభద్ర మేనత్త, అభిమన్యుడు బావ. ఇంగ్లీషులో మేనమామ, బాబాయి, పెదనాన్న అందరూ ఒకే పిలుపులో కలిసిపోతారు. ఈ తేడా పాఠంగా చెబితే పిల్లలకు బరువు. కథలో చూస్తే మరచిపోరు. ఈ నాలుగు మాటలను ఆటకు ముందు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పంచండి. ఆ మాట వినబడినప్పుడల్లా పిల్లలు చేయి ఎత్తాలి.

విశ్రాంతి సమయంలో ప్రతి పిల్లవాడు తన పక్కనున్న పెద్దవారిని ఒక్క ప్రశ్న అడగాలి: "మీ మేనమామను మీరు ఏమని పిలిచేవారు?" జవాబు సగం తెలుగులో, సగం క్రియోలులో రావచ్చు. తప్పులు దిద్దకండి. డర్బన్‌లోనో, పోర్ట్ లూయీలోనో, సువాలోనో చిన్ననాడు విన్న పిలుపు ఒకటి నాలుక మీదికి వస్తే, ఆ సాయంత్రం ఫలించినట్లే. వీలైతే ఆ మాటను వ్రాసి ఉంచండి.

విని అర్థం చేసుకోగల పెద్దలు మన ఇళ్లలో ఏటేటా తగ్గిపోతున్నారు. పుస్తకం ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ చెవులు మళ్లీ దొరకవు. ఇక్కడి బడులకు జూన్ చివరిలో వేసవి సెలవులు మొదలవుతాయి. చలికాలంలో తొలి ఆట వేయదలచినవారు అంతకు ముందే బడికి ఉత్తరం వ్రాయండి.