బాటప్రక్క కాపులేని యంగడి: చౌర్యము నరికట్టు విధము

రహదారులకును గ్రామపు బాటలకును ప్రక్కన పొలము గల రైతు తన తోటలో పండిన కూరగాయలను, పండ్లను చిన్న పందిరి క్రింద నుంచి, వెలలు పలకపై వ్రాసి, చెంత నొక హుండీని నిలిపి, తన పనికి తాను పోవుట కలదు. బాటసారి తనకు వలసినది తీసికొని దాని వెల హుండీలో వేయవలయును. అచ్చట అమ్మువాడు లేడు, అడుగువాడు లేడు. కొనువాని మనస్సాక్షియే గుమాస్తా. ఇట్టి యంగడి పెట్టిన రైతునకు త్వరలోనే యొక చిక్కు ఎదురుకావచ్చును. సాయంకాలము లెక్క చూడగా పోయిన సరకునకు సరిపడు సొమ్ము హుండీలో కానరాదు. అంగడి మూయవలెనా? కాపు పెట్టవలెనా? అనుమానము గలవానిని నిలదీయవలెనా? తొందరపడి చేసిన పని వలన సరకు నష్టముకంటె హెచ్చు నష్టము కలుగవచ్చును. కావున సభ్యులు ఈ విషయమును నిదానముగా విచారింపవలయును.

ఇట్టి యంగళ్లు ఎచ్చట నున్నవి

ఇది వట్టి ఊహ గాదు. మన దేశమున మిజోరం రాష్ట్రములో సేలింగ్ ప్రాంతపు రహదారి పొడవున వెదురు పందిళ్లలో ఇట్టి యంగళ్లు ప్రసిద్ధములై యున్నవి. కొండవాలులందు చిన్న కమతములు చేసికొను కుటుంబములకు అంగడికడ నొకరిని కూర్చుండబెట్టుటకు మనుషులు చాలరు. అందుచే వారు కూరలు, పండ్లు, పూలు, సీసాలలో పండ్లరసము, ఎండుచేపలు మున్నగునవి పెట్టి, వెలలు వ్రాసి, డబ్బు వేయుటకొక డబ్బాను వ్రేలాడదీసి పొలమునకు పోవుదురు. జపాను దేశమునను పల్లెల బాటలప్రక్క నిట్టివి పెక్కులు కలవు. అచ్చటి కోచి మండలమున వీనికి ‘మనస్సాక్షి సంత’ యను నర్థము గల పేరే కలదు. వెల తరచుగా 100 యెనులని, అనగా ఒక్క నాణెముగా నిర్ణయింతురు. అచ్చటను చౌర్యము లేకపోలేదు. నాణెము వేసిననే తలుపు తెరచుకొను గూళ్ల పెట్టెలను కొందరు రైతులు పెట్టుకొని యున్నారు.

నష్టము రెండు తెగలు

హుండీలో సొమ్ము తగ్గినంతనే అంతయు దొంగతనమని తలపరాదు. వెల స్పష్టముగా లేకపోవచ్చును. కొనువానికడ చిల్లర లేకపోవచ్చును. కోతులో మేకలో కూర మేసి యుండవచ్చును. వీనిని తీసివేసిన పిమ్మట మిగిలిన నష్టము రెండు తెగలుగా నుండును: సరకు తీసికొని వెల యీయక పోవుట యొకటి, హుండీనే కొల్లగొట్టుట రెండవది.

ఈ భేదమును చక్కగా తెలుపు నుదాహరణ మొకటి అమెరికా దేశమున కలదు. పాల్ ఫెల్డ్‌మన్ అనునతడు 1984వ సంవత్సరమున ఉద్యోగమును వదలి, వాషింగ్టన్ నగరప్రాంతపు కార్యాలయములలో ఉదయముననే రొట్టెలుంచి, తీసికొన్నవారు సొమ్ము వేయుటకు ఏర్పాటు చేసి, పిదప వచ్చి లెక్క చూచుకొనుచుండెను. మొదట తెరచిన బుట్ట పెట్టగా అందలి డబ్బు పలుమారులు మాయమయ్యెను. తరువాత రంధ్రము గల డబ్బా పెట్టెను, అదియు నిలువలేదు. తుదకు సన్నని గాడి మాత్రమే గల చెక్కపెట్టెలు చేయించెను. ఏటికి సుమారు 7,000 పెట్టెలుంచగా సరాసరిని ఒక్క పెట్టె మాత్రమే దొంగల పాలయ్యెడిది. సరకు వెల మాత్రము పూర్తిగా వచ్చెడిది కాదు. 2001వ సంవత్సరపు వేసవి నాటికి నూటికి సుమారు 87 వంతులే చేరుచుండెను. చిన్న కార్యాలయములందు పెద్దవానియందుకంటె చెల్లింపు మెరుగుగా నుండెను.

దీనివలన మనము నేర్వదగినది రెండు మాటలు. కంటబడు సొమ్ము ఆశ పుట్టించును. మూసిన పెట్టె ఆ యాశను చాలవరకు అణచును. ఒకరినొకరు ఎరిగినవారు గల చోట జనులు హెచ్చు జాగ్రత్తతో నడతురు.

ముందు లెక్క, పిమ్మట నిర్ణయము

అంగడి మూయుటకు ముందు రైతు రెండు వారముల లెక్క వ్రాయవలయును. ప్రతిదినము పెట్టిన సరకు, మిగిలిన సరకు, రావలసిన సొమ్ము, వచ్చిన సొమ్ము అను నాలుగు గడులు చాలును. ఉదాహరణకు, దినమునకు 500 రూపాయల సరకు అమ్ముడుపోవునని యనుకొందము. నూటికి 13 వంతులు రాకపోయినచో నష్టము 65 రూపాయలు. అచ్చట మనిషిని కూర్చుండబెట్టిన దినకూలి దీనికి ఎన్నియో రెట్లగును. సరకును సంతకు తీసికొనిపోయినను బండి బాడుగ, దళారి రుసుము తప్పవు. ఆ వ్యయముకంటె నష్టము తక్కువగా నున్నంతకాలము దానిని వ్యాపారపు ఖర్చుగా నెంచుట వివేకము. నష్టము ఆ మేర దాటినపుడు కోపముతో గాక ఉపాయముతో పని చేయవలయును.

చేయదగిన యేర్పాట్లు

1. హుండీ ఇనుపదై, గాడి సన్ననిదై, దిమ్మకో స్తంభమునకో బిగింపబడి యుండవలయును. దినమునకు రెండుమారులైన సొమ్ము తీయవలయును. ఖాళీ హుండీని పగులగొట్టువానికి లాభము లేదు.

2. అంగడి నిర్జనమైన మలుపులో గాక, ఇండ్లకో, టీ దుకాణమునకో, బస్సు ఆగు చోటికో ఎదురుగా నుండవలయును.

3. సరకు ఒక్కమారుగా రాశి పోయరాదు. ఉదయము కొంత, మధ్యాహ్నము కొంత పెట్టినచో పోయినను కొలదియే పోవును.

4. కాటా పెట్టక, కట్టలుగాను పొట్లములుగాను కట్టి, 10 లేక 20 రూపాయల సరి వెల పెట్టవలయును. చిల్లర చిక్కు తొలగును, లెక్కయు తేలిక యగును.

5. 2016వ సంవత్సరమున ఆరంభమైన యు.పి.ఐ. పద్ధతిచే సెల్‌ఫోను ద్వారా చెల్లించుటకు క్యూ.ఆర్. చీటీ అంటించిన యెడల హుండీలో నగదు తగ్గును. అయితే మోసగాండ్రు తమ చీటీని దానిపై నంటించుట కలదు. కావున ప్రతి ఉదయము ఒక రూపాయి పంపి, అది తన ఖాతాకే చేరుచున్నదా యని రైతు పరీక్షించుకొనవలయును.

6. ‘దొంగలున్నారు జాగ్రత్త’ యని వ్రాయుటకంటె, ‘ఇది మా కుటుంబము పండించిన పంట, వెల హుండీలో వేయ ప్రార్థన’ యని వ్రాయుట మేలు. మొదటి మాట మంచివానిని నొప్పించును. రెండవది మరచిపోయినవానికి జ్ఞాపకము చేయును.

7. చేత డబ్బు లేనివారి కొరకు చిన్న పుస్తకమును పెన్సిలును కట్టి యుంచి, బాకీ వ్రాసిపోవుటకు వీలు కల్పింపవచ్చును. వెల పిదప చెల్లింపదలచినవాడు దొంగ కానక్కరలేదు.

కండ్ల బొమ్మను గురించి ఒక మాట. 2006వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు తమ తేనీటి గదిలోని హుండీపై ఒక వారము పూలబొమ్మను, మరుసటి వారము చూచుచున్న కండ్ల బొమ్మను ఉంచి చూడగా, కండ్లున్న వారములందు దాదాపు మూడు రెట్లు సొమ్ము వచ్చెనని ప్రకటించిరి. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో కొన్నిటను ఈ ఫలితము కానరాలేదు. కావున బొమ్మ పెట్టుటవలన హాని లేదుగాని, దానినే నమ్ముకొనరాదు.

అనుమానము, అభియోగము

అన్నిటికంటె మెలకువ వలసినది ఇచ్చటనే. నాలుగు వంకాయలు పోయినపుడు మన చూపు మొదట ఎవరిపై పడును? కూలికి పోవువానిపై, ఊరిబయట నుండువానిపై, బడి యెగగొట్టిన పిల్లవానిపై. కారు దిగి తీసికొనిపోయినవాని నెవ్వరు తలపరు. ‘దొరికితే దొంగ, దొరకకపోతే దొర’ యను సామెత యున్నది. దొరకకయే దొంగయనిపించుకొన్నవాని గతి యంతకంటె కష్టము. పోయిన కూర మరల పండును. పోయిన పేరు మరల రాదు. కావున కన్నులార చూడనిదే ఎవ్వరి పేరును నోటికి రానీయరాదు. చూచినను నలుగురిలో గాక ఒంటరిగా పిలిచి, ‘వెల మరచితివేమో’ యని యడుగుట ఉత్తమము. ఆకలిచే తీసికొన్నవాడైనచో పని చూపి కూలి యిచ్చుట రెండు కుటుంబములకును మేలు.

దొరికినవానిని స్తంభమునకు కట్టి కొట్టుట నేరము. అంగడికి విద్యుత్తు తీగ చుట్టుట, సరకులో మందు కలుపుట మున్నగు పనులు పసిపిల్లల ప్రాణములు తీయగలవు. చేసినవాడే ముద్దాయి యగును. 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారము, పోయిన సొత్తు వెల 5,000 రూపాయలకు లోబడి, నేరము రుజువగుట మొదటిసారియై, సొత్తునుగాని వెలనుగాని తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్షగా విధింపబడును. చట్టమే ఇంత ఓర్పు చూపుచుండగా మనము చేతికి కఱ్ఱ తీసికొనుట తగదు. హుండీని పగులగొట్టుట పదేపదే జరిగినచో మాత్రము తేదీలతో లెక్క వ్రాసి పోలీసు ఠాణాలో తెలుపవలయును.

సంఘము చేయగల సాయము

ఒంటరి రైతునకు బరువైనది పదిమందికి తేలిక. బాటవెంబడి నలుగురు సభ్యులు నాలుగు చోట్ల పెట్టుటకంటె, ఒకే పందిరి క్రింద వేరువేరు గంపలతో పెట్టి, దినమునకొకరు వంతున చూచుకొనుట మేలు. హుండీ తీయునపుడు ఇద్దరుండి లెక్క సంతకము చేయవలయును. లేనిచో బయటి దొంగను వెదకుచు లోపలివారినే అనుమానింపవలసి వచ్చును. నష్టమును అమ్మకపు వంతుల ప్రకారము పంచుకొన్నచో ఎవ్వరిమీదను బరువు పడదు.

సహకార సంఘమునకు మూలధనము నమ్మకము. ఆ నమ్మకము కన్నులు మూసికొన్నది కారాదు. పెట్టెకు తాళము, పుస్తకములో లెక్క, నోటికి అదుపు గలదై యుండవలయును. అంగడి పెట్టిన సభ్యులు తమ రెండు వారముల లెక్కను రాబోవు సమావేశమునకు తెచ్చినచో, ఏ చోట నిలుపదగునో, ఏ చోట ఎత్తివేయదగునో అందరును కలసి నిర్ణయింపవచ్చును.