అచ్చుతో ముగియు మాటలు

కళాశాలా విద్య ముగిసి, పట్టా చేతికి వచ్చుటకును ఉద్యోగము దొరకుటకును నడుమ గల అనిశ్చితమైన కాలములో, దేశాంతరము పోయి ఆంగ్లము బోధింతుమా యను తలంపు కలిగిన యువతీయువకులను వెంటనే వెనుకకు లాగు సందేహము ఒక్కటే: "ఆంగ్లము మా మాతృభాష కాదు గదా, మమ్ము పాఠము చెప్పనిత్తురా?" అని.

ఈ సందేహము నిరాధారము కాదు. దక్షిణ కొరియాలో ఆంగ్లబోధకుల కిచ్చు వీసా ఆంగ్లము మాతృభాషగా గల యేడు దేశములవారికే పరిమితమై యుండెను. కాని భారత కొరియా ప్రభుత్వముల నడుమ కుదిరిన ఆర్థిక భాగస్వామ్యపు ఒప్పందము 2010 జనవరి 1న అమలులోనికి వచ్చిన పిదప, డిగ్రీతో పాటు ఆంగ్లబోధకు తగిన ఉపాధ్యాయార్హత గల భారతీయులు అచటి ప్రభుత్వ పాఠశాలలలో సహాయ బోధకులుగా చేరుటకు త్రోవ యేర్పడినది. కనుక కొరియా మీద మనసు పెట్టినవారికి బి.ఎడ్. పూర్తిచేయుటయే మేలు. జపానులో 1987లో ఆరంభమైన జెట్ పథకమున, పరదేశపు పట్టభద్రుడు సాధారణముగ జపాను ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి బోధించును. ఏ యేడు ఎవరిని పిలుతురో రాయబార కార్యాలయపు ప్రకటన చూచి తెలిసికొనవలెను.

ఆంగ్లము మాటాడగలుగుట వేరు, నేర్పగలుగుట వేరు. 1962లో లండనులో జాన్ హేక్రాఫ్ట్ దంపతులు ఇంటర్నేషనల్ హౌస్ నందు ప్రారంభించిన స్వల్పకాలిక ఉపాధ్యాయ శిక్షణయే క్రమముగ నేటి కేంబ్రిడ్జి వారి సెల్టాగా పరిణమించినది. సుమారు 120 గంటల ఆ శిక్షణలో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల యెదుట నిలిచి పాఠము చెప్పవలెను. ఆ యారు గంటలే దాని ప్రాణము. మన హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా వెలసి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ సైతము ఆంగ్లోపాధ్యాయులను తీర్చిదిద్దుటకే పుట్టినది.

కాగితముల సంగతి క్లుప్తముగ చెప్పెదను. కొరియా వీసా కొఱకు పట్టాకు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణమును, పిదప విదేశాంగ శాఖ వారి అపొస్టిల్ ముద్రయును కావలెను. పాస్‌పోర్టు కార్యాలయము నుండి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టును తెచ్చుకొనవలెను. పర్యాటక వీసాపై పోయి పిదప చూచుకొందమను దళారుల మాట చెవిని బెట్టరాదు, అది చట్టవిరుద్ధము.

నా మనసంతయు నున్నది వేఱొకచోట. బస్ అను మాటను మనము బస్సు అందుము. జపాను బాలుడు బసు అనును. మిల్క్ వాని నోట మిరుకు, డెస్క్ దెసుకు. రెండు భాషలును దాదాపుగా అజంతములగుటచే, హల్లుతో ముగిసిన మాట చెవిని బడినంతనే నాలుక దాని కొక అచ్చును తగిలించి గాని ఊరకుండదు. వాక్యము సంగతి ఇంకను విచిత్రము: "నేను బడికి వెళ్లుదును" అను మన మాటల వరుసయే "వతాషి వ గక్కో ని ఇకిమసు" అను జపాను వాక్యములో నున్నది, మన "కి" యుండు చోటనే వారి "ని" యున్నది, క్రియ రెంటను చివరకే వచ్చును. కొరియా భాషయు నిట్లే. "ఎ", "ది" అను ఆర్టికిల్సు ఎచట వాడవలెనో, ఎచట విడువవలెనో యను తికమక మన కెట్లో వారికి నట్లే. ఈ మూడు భాషలలో నవి లేవు. ఆ బాలుడెందుకు తడబడుచున్నాడో లండనులో పుట్టినవాడు పుస్తకము చూచి గ్రహింపవలెను. మనవాడు తన బాల్యమును తలచుకొన్న చాలును. ఆంగ్లము మాతృభాష కాకుండుట కొఱత యని మనము సిగ్గుపడునదే, తరగతి గదిలో మన మూలధనము.

కనుక ప్రయాణమునకు ముందు, పేటలోని మునిసిపల్ స్కూలులో అనుమతి గైకొని, అయిదవ తరగతి పిల్లలకు వారమునకు రెండు గంటలైనను, తెలుగు మాట యొక్కటియు వాడక, ఆంగ్లము చెప్పి చూడవలెను. "నిన్న" యను అర్థమును తెలుపుటకు గోడమీది క్యాలెండరుపై వ్రేలుంచవలసి వచ్చును. "ఎందుకు" అనుటకు ఎంత యభినయము కావలెనో అపుడు తెలియును. ఇంటి అటక మీద తన చిన్ననాటి ఆంగ్లపు నోటుపుస్తకము మిగిలియున్నచో, దింపి, దుమ్ము దులిపి, ఎఱ్ఱసిరాతో దిద్దిన ప్రతి తప్పును, అది తెలుగులోని ఏ యలవాటు నుండి పుట్టినదో ప్రక్కన గుర్తించుచు, క్రొత్త పుస్తకములోని కెత్తి వ్రాసికొనవలెను. పెట్టెలో పట్టా నకళ్ల ప్రక్కన ఆ పుస్తకమునకు చోటుంచవలెను.