టైరు కంపెనీ కుర్రాళ్లు గెలిచిన ప్రపంచ కప్పు

ఖండాల విజేతలు తలపడే బాస్కెట్‌బాల్ పోటీలో వరసగా మూడేళ్లు గెలిచింది ఒక ఫ్యాక్టరీ ఉద్యోగుల జట్టు. నెల్లూరు తీరం ఆ కథను దగ్గరగా చదవాలి.

1967, 1968, 1969. మూడేళ్లూ ఒకటే పేరు: అక్రాన్ గుడ్‌ఇయర్ వింగ్‌ఫుట్స్. విజేతల పట్టికలో మిగతావి చాలావరకు పెద్ద పేర్లు. రియల్ మాడ్రిడ్, బార్సెలోనా, మకాబీ టెల్ అవీవ్, పనథినైకోస్. వాటి మధ్య టైర్లు తయారుచేసే కంపెనీ జట్టు ఒకటి, అదీ మూడుసార్లు.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నడిపే ఈ ఇంటర్‌కాంటినెంటల్ కప్పు మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు ఫోన్ చేసేసరికి నేను చేపల రేవు పనిమీద నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నెలో ఉన్నాను. శుక్రవారానికల్లా పేజీలు వెళ్లిపోవాలి. ఏ ఖండం నుంచి ఏ జట్టు, నిబంధనలేమిటి, సింగపూర్ స్టేడియం ఎలా ఉంటుంది, అన్నీ తొందరగానే దొరికాయి. కానీ 1966 నుంచి విజేతల పేర్లు వరసగా రాసి ఉన్న ఆ ఒక్క పట్టిక నన్ను వదల్లేదు. కథంతా అందులోనే ఉందని నా నమ్మకం.

రబ్బరు ఊరి ఆట

అక్రాన్ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఊరు. బాస్కెట్‌బాల్ తార లెబ్రాన్ జేమ్స్ పుట్టిన ఊరంటే మన కుర్రాళ్లకు చప్పున తెలుస్తుంది. ఆయన పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే దానికి ప్రపంచ రబ్బరు రాజధాని అని పేరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్ నాలుగూ అక్కడి కంపెనీలే. గుడ్‌ఇయర్ 1918లో తన ఉద్యోగులతో బాస్కెట్‌బాల్ జట్టు కట్టింది. ఉద్యోగుల కోసం కట్టించిన గుడ్‌ఇయర్ హాల్‌లో నాటకశాల, తరగతి గదులు, ఆట కోర్టు ఒకే కప్పు కింద ఉండేవి. చదువుకోవాలన్నా ఆడుకోవాలన్నా ఫ్యాక్టరీ మనిషి అక్కడికే వచ్చేవాడు.

ఈ జట్టును కంపెనీ సరదాకు పెట్టుకున్నది అనుకుంటే పొరపాటు. 1937-38లో మొదలైన నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో తొలి చాంపియన్ గుడ్‌ఇయరే. తర్వాతి రెండేళ్లూ కప్పు అదే ఊళ్లోని ఫైర్‌స్టోన్ జట్టుకు వెళ్లింది. వీధిలో అమ్మకాల పోటీ, కోర్టులో ఆట పోటీ. 1949లో ఆ లీగ్ ఇంకో లీగ్‌తో కలిసింది, అలా పుట్టిందే నేటి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ. కోట్ల డాలర్ల ఎన్‌బీఏ వంశవృక్షంలో ఒక వేరు టైరు ఫ్యాక్టరీలో ఉందన్నమాట.

కాలేజీలో బాగా ఆడిన కుర్రాడు మరి ఎన్‌బీఏకు వెళ్లకుండా టైరు కంపెనీలో ఎందుకు చేరాడు? అప్పటి నిబంధన ప్రకారం ఆడినందుకు జీతం తీసుకుంటే ఒలింపిక్స్‌కు పనికిరాడు. ఉద్యోగం చేసి జీతం తీసుకుంటే పనికొస్తాడు. ఎన్‌బీఏ జీతాలు కూడా అప్పట్లో జీవితాంతం కూర్చుని తినేంత ఉండేవి కావు. పగలు కంపెనీ పని, సాయంత్రం ప్రాక్టీసు, సెలవుల్లో మ్యాచ్‌లు. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయినా సీటు మిగిలే ఉంటుంది. మధ్యతరగతి ఇంట్లో పుట్టిన ఏ కుర్రాడికైనా అంతకంటే ధైర్యం ఏముంటుంది!

అలా వచ్చినవాళ్లలో లారీ బ్రౌన్ ఒకడు. 1963లో నార్త్ కరోలినాలో చదువు ముగించి గుడ్‌ఇయర్‌లో చేరాడు. 1964లో వింగ్‌ఫుట్స్ జాతీయ అమెచ్యూర్ టైటిల్ గెలిచింది. ఆ ఏడాదే టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన అమెరికా జట్టు పన్నెండుమందిలో ముగ్గురు గుడ్‌ఇయర్ ఉద్యోగులు: బ్రౌన్, డిక్ డేవిస్, పీట్ మెకాఫ్రీ. గుడ్‌ఇయర్ కోచ్ హాంక్ వాన్ ఆ జట్టుకు సహాయ కోచ్. లారీ బ్రౌన్ తర్వాత తానూ కోచ్ అయ్యాడు. 1988లో కాన్సాస్‌కు కాలేజీ టైటిల్, 2004లో డెట్రాయిట్‌కు ఎన్‌బీఏ టైటిల్ తెచ్చిపెట్టాడు. ఆ రెండూ సాధించిన కోచ్ ఇంకొకరు లేరు.

ఇక ఖండాంతర కప్పు. 1967లో ఇటలీ వెళ్లి అక్కడి జట్టు ఇగ్నిస్ వారెసెను ఓడించారు. 1968లో ఫిలడెల్ఫియాలో రియల్ మాడ్రిడ్‌ను 105-73తో చిత్తు చేశారు. యూరప్ చాంపియన్ మీద 32 పాయింట్ల తేడా! 1969లో జార్జియా రాష్ట్రం మేకన్‌లో చెకోస్లొవేకియా జట్టు స్పార్టక్ బ్ర్నోను ఓడించి మూడోసారి కప్పు ఎత్తారు.

పట్టిక నిండా పనివాళ్లే

గుడ్‌ఇయర్‌ను చూశాక పట్టికలో మిగతా పేర్లు కూడా వేరేగా కనిపించడం మొదలైంది. 1966లో తొలి కప్పు గెలిచిన ఇగ్నిస్ ఇటలీలో ఫ్రిజ్‌లు, గృహోపకరణాలు చేసే కంపెనీ. 1983 విజేత ఒబ్రాస్ సనితారియాస్ బ్యూనస్ ఎయిర్స్‌లో నీటి సరఫరా, మురుగుపారుదల శాఖ ఉద్యోగులు పెట్టుకున్న క్లబ్బు. 1984లో గెలిచింది బాంకో ది రోమా అనే బ్యాంకు పేరుతో ఆడిన జట్టు. 2023లో గెలిచిన బ్రెజిల్ జట్టు ఫ్రాంకా ముందున్న సెసీ అనే మాట ఆ దేశంలో పారిశ్రామిక కార్మికుల సంక్షేమ సంస్థది. 2024 విజేత, స్పెయిన్‌లోని మలగా ఊరి జట్టు ఉనికాహా పేరు పొదుపు బ్యాంకుది. అదే ఏడాది ఆఫ్రికా చాంపియన్‌గా సింగపూర్ వచ్చిన పెట్రో దె లువాండా అంగోలా చమురు సంస్థ నీడలో పెరిగింది.

వీటిలో కొన్ని ఉద్యోగుల జట్లు, కొన్నిటికి కంపెనీ డబ్బు మాత్రమే పెట్టింది. రెండూ ఒకటి కావు. కానీ ఈ జట్లన్నిటి వెనకా జీతాలిచ్చే సంస్థ ఒకటి నిలబడి ఉంది.

చరిత్ర క్లుప్తంగా: 1966లో మాడ్రిడ్‌లో మొదలు. 1987లో మిలన్ గెలిచాక పోటీ ఆగింది. అదే ఏడాది ఎన్‌బీఏ జట్లు యూరప్ జట్లతో తలపడే మెక్‌డొనాల్డ్స్ ఓపెన్ మొదలైంది, అందరి చూపూ అటు వెళ్లింది. 1989లో ఫిబా ఎన్‌బీఏ ఆటగాళ్లకు తలుపులు తెరవడంతో అమెచ్యూర్, ప్రొఫెషనల్ అనే గీత చెరిగిపోయింది. 1996లో ఒక్కసారి జరిగింది, పనథినైకోస్ గెలిచింది. మళ్లీ 2013లో లేచింది. 2023లో సింగపూర్ చేరింది.

బాక్స్: ఆస్కార్ 42

1979 ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, సావో పౌలో, ఇబిరపువేరా స్టేడియం. ఊరి క్లబ్బు సీరియో ఒకవైపు, యూరప్ చాంపియన్ బోస్నా ఇంకోవైపు. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. సీరియో 100, బోస్నా 98. ఆ వందలో 42 ఆస్కార్ ష్మిట్‌వి, అప్పుడతనికి 21 ఏళ్లు. సీరియో సిరియా నుంచి వలస వచ్చిన కుటుంబాలు పెట్టుకున్న క్లబ్బు. 1984లో ఎన్‌బీఏ జట్టు న్యూజెర్సీ నెట్స్ పిలిస్తే ఆస్కార్ వెళ్లలేదు. వెళ్తే బ్రెజిల్ జెర్సీ వదులుకోవాలి. ఒలింపిక్స్‌లో మొత్తం 1,093 పాయింట్లు చేశాడు.

బాక్స్: 2024లో సింగపూర్‌లో ఎవరెవరు

యూరప్ నుంచి ఉనికాహా, అమెరికా ఖండాల నుంచి అర్జెంటీనా జట్టు కిమ్సా, ఆఫ్రికా నుంచి పెట్రో దె లువాండా, ఆసియా నుంచి బీరూట్ జట్టు అల్ రియాదీ, ఆస్ట్రేలియా నుంచి టాస్మేనియా జాక్‌జంపర్స్, ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్ ఎంపిక జట్టు. మూడేసి జట్లతో రెండు గ్రూపులు. గ్రూపు విజేతలిద్దరికీ ఫైనల్. ఫైనల్‌లో ఉనికాహా 75, జీ లీగ్ 60. ఆసియా సీటు దక్కాలంటే చాంపియన్స్ లీగ్ ఆసియా గెలవాలి. భారత క్లబ్బు ఏదీ ఇంతవరకు ఈ కప్పులో ఆడలేదు.

బాక్స్: మన హైదరాబాద్

ముగ్గురేసి ఆడే 3x3 బాస్కెట్‌బాల్ వరల్డ్ టూర్‌లో ఒక మజిలీ, హైదరాబాద్ మాస్టర్స్, 2018 సెప్టెంబరులో జరిగింది. ప్రపంచ నగరాల జట్లు తెలుగు నేల మీద ఆడాయి. అంతకు ముందు 2015-17 మధ్య నడిచిన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. లీగ్ ఆగిపోయింది, జట్టూ పోయింది.

ఉద్యోగం ఉంది, లీగ్ లేదు

గుడ్‌ఇయర్ కథ మనకు కొత్తేమీ కాదు. భారత బాస్కెట్‌బాల్ ఇప్పటికీ ఉద్యోగం మీదే బతుకుతోంది. ఇండియన్ రైల్వేస్, సైనిక దళాల జట్టు సర్వీసెస్, ఓఎన్‌జీసీ, చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్. మహిళల జాతీయ టైటిల్ అంటే దశాబ్దాలుగా ఎక్కువసార్లు రైల్వేదే. సదరన్ రైల్వే ఉద్యోగి గీతు అన్నా జోస్ ఆస్ట్రేలియా క్లబ్బుకు ఆడింది, 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్‌కు వెళ్లింది. ఓఎన్‌జీసీ ఉద్యోగి విశేష్ భృగువంశీకి 2017లో ఆస్ట్రేలియా జట్టు అడిలైడ్ నుంచి పిలుపొచ్చింది. 2014 ఆసియా కప్‌లో చైనాను చైనాలోనే ఓడించిన జట్టు మనది. సత్తా లేదనే మాట నేను ఒప్పుకోను.

స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రాగానే ఆట చల్లారిపోతుందని చాలామంది తప్పుపడతారు. నేను తప్పు ఉద్యోగానిదనుకోను. వింగ్‌ఫుట్స్‌కూ ఉద్యోగమే, అయినా వాళ్ల ఆట చల్లారలేదు. తేడా ఎక్కడుందంటే, 1947 నుంచి 1961 దాకా అమెరికాలో నేషనల్ ఇండస్ట్రియల్ బాస్కెట్‌బాల్ లీగ్ నడిచింది. టైరు కంపెనీ గుడ్‌ఇయర్, చమురు కంపెనీ ఫిలిప్స్, ట్రాక్టర్ల కంపెనీ క్యాటర్‌పిల్లర్ సీజనంతా ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడేవారు. ఈ వారం ఓడితే వచ్చే వారం బదులు తీర్చుకోవచ్చు. లీగ్ ఆగిన కొన్నేళ్లకే ప్రపంచ కప్పు గెలిచింది ఆ పదునుతోనే. మన డిపార్ట్‌మెంట్ జట్లు మాత్రం ఆహ్వాన టోర్నీల్లో కలుస్తాయి. వారంలో అయిపోతుంది, కప్పు తీసుకుని ఎవరి ఆఫీసుకు వాళ్లు పోతారు. సీజన్ ఉంటేనే ఆటగాడు పెరుగుతాడు.

ఇక్కడే జువ్వలదిన్నెకు వస్తాను. 2020లో శంకుస్థాపన జరిగిన ఇక్కడి ఫిషింగ్ హార్బర్ చుట్టూ రేపు పనులు వస్తాయని ఊరు ఎదురుచూస్తోంది. వల లాగి కండ తిరిగిన చేతులు, ఇసుకలో పరిగెత్తి గట్టిపడ్డ కాళ్లు ఇక్కడి కుర్రాళ్లవి. తీరంలో కబడ్డీ, వాలీబాల్ ఇష్టంగా ఆడతారు. ఇదే బోగోలు మండలంలో బిట్రగుంట ఉంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్‌తో వెలిగిన రైల్వే ఊరు. దక్షిణంగా పోతే కృష్ణపట్నం ఓడరేవు, దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, శ్రీహరికోట, శ్రీసిటీ. శ్రీసిటీ దగ్గర చిన్నపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ. అక్రాన్‌లో ఉన్న సరుకంతా ఈ దారి వెంట ఉంది, టైర్లతో సహా.

కావలి నుంచి శ్రీసిటీ దాకా సంస్థకొక జట్టు, ఆదివారానికొక మ్యాచ్, ఆరు నెలల సీజన్. కావలసింది 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న గచ్చు, నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున రెండు రింగులు, రాత్రిపూట ఆడుకునేందుకు దీపాలు. ఏ పెద్ద సంస్థకూ ఇది మోయలేని ఖర్చు కాదు. అడగాల్సింది జిల్లా క్రీడాధికారులు, ఇవ్వాల్సింది ఫ్యాక్టరీల యాజమాన్యాలు. వేట మీద బతికే ఇంట్లో పుట్టిన ఆరడుగుల కుర్రాడికి షిఫ్టు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు, వచ్చే ఆదివారం మ్యాచ్ అనే మూడూ కలిపి ఇస్తే సింగపూర్ దాకా వెళ్లే జట్టు ఎప్పటికి తయారవుతుందో చెప్పలేను గానీ, ఆ దారి మొదలయ్యేది మాత్రం ఇలాగే. గుడ్‌ఇయర్‌కు 1918 నుంచి 1967 దాకా పట్టింది. మనం ఈ ఏడాది మొదలుపెట్టాలి.