బొమ్మ లేని బొమ్మలు: మైనంతో రంగులు కలిపిన బ్రైస్ మార్డెన్ కథ

కిందటి రంజాన్‌కు వారం ముందు మా ఇంట్లో ఒక గిన్నె పాడైంది. ఈద్‌నాడు షీర్ ఖుర్మా వండే పెద్ద గిన్నె అది. చిత్రకళ చదువుతున్న మా అన్నగారి అబ్బాయి అందులో తేనెమైనం కరిగించాడు. అడుగున గట్టిపడిన మైనం వేడినీళ్లకూ వదలలేదు, పీచుకూ వదలలేదు. గిన్నె సంగతి అంతటితో పోయేదే కానీ, "ఇంతకీ ఆ మైనంతో ఏం చేశావు బేటా?" అని మా అమ్మీ అడగడంతో అసలు గొడవ మొదలైంది.

వాడు ఒక అట్ట తెచ్చి చూపించాడు. దాని మీద బూడిదకూ ఆకుపచ్చకూ మధ్య ఏదో ఒక రంగు నిండా పూసి ఉంది. చెట్టు లేదు, ఇల్లు లేదు, పువ్వు లేదు. "ఇందులో బొమ్మ ఏదిరా?" అంది అమ్మీ. బొమ్మ లేదు దాదీమా, రంగే బొమ్మ అన్నాడు వాడు. మా అన్నగారు మాత్రం నవ్వలేదు. "మూడేళ్లు ఫీజులు కట్టింది గోడకు సున్నం వేయడం నేర్చుకోవడానికా? ఇక చాలు. కంప్యూటర్ కోర్సులో చేరు" అన్నారు. వాడు అన్నం మానేసి పైగదిలోకి వెళ్లిపోయాడు. మర్నాడు తన దగ్గరున్న ఒక పెద్ద చిత్రాల పుస్తకం మా చేతిలో పెట్టి, "చాచా, మీరైనా ఇది చూసి అబ్బాతో మాట్లాడండి" అన్నాడు. అది బ్రైస్ మార్డెన్ అనే అమెరికన్ చిత్రకారుడి పుస్తకం.

చూడకుండా తీర్పు చెప్పడం భావ్యం కాదని చదవడం మొదలుపెట్టాము. ఇలాంటి పిల్లలు మన ఇళ్లలో ఇంకా కొందరు ఉండవచ్చు. అందుకే మాకు తెలిసిన సంగతులు పాఠకులతో పంచుకుంటున్నాము.

మ్యూజియం కాపలాదారు

మార్డెన్ 1938 అక్టోబర్ 15న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టాడు. బోస్టన్ యూనివర్సిటీలో 1961లో డిగ్రీ, యేల్ యూనివర్సిటీలో 1963లో పై చదువు పూర్తిచేశాడు. చదువు అయింది కానీ బతకడానికి దారి లేదు. న్యూయార్క్ చేరి జ్యూయిష్ మ్యూజియంలో కాపలా ఉద్యోగం పట్టాడు. యేల్ పట్టా చేతిలో ఉన్నవాడు యూనిఫాం తొడుక్కుని, ఎవరూ బొమ్మలు ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడన్నమాట.

ఆ నిలబడటమే అతనికి కలిసివచ్చింది. 1964లో ఆ మ్యూజియంలో జాస్పర్ జాన్స్ చిత్రాల పెద్ద ప్రదర్శన పెట్టారు. మనమైతే ప్రదర్శనకు వెళ్లి ఒక్కో బొమ్మ ముందు అర నిమిషం ఆగుతాము. కాపలాదారు రోజంతా వాటి ముందే ఉంటాడు. జాన్స్ 1954-55లో వేసిన అమెరికా జెండా చిత్రం లోకమంతా ఎరిగినదే. న్యూస్‌పేపర్ ముక్కలను అతికి, వాటి మీద రంగు కలిపిన వేడి మైనం పూసి వేసిన జెండా అది. మైనం చప్పున గట్టిపడుతుంది. అందుకే కుంచె పెట్టిన ప్రతిచోటా దాని గుర్తు అలాగే నిలిచిపోతుంది, కింది అక్షరాలు కూడా లీలగా కనిపిస్తాయి. జాన్స్ మైనాన్ని ఎలా వాడాడో మార్డెన్ ఈ ప్రదర్శనలో దగ్గరగా చూశాడు.

అదే సంవత్సరం కొన్నాళ్లు పారిస్‌లో ఉన్నాడు. అక్కడ పాత భవనాల గోడలకు మేస్త్రీలు కొత్తగా గచ్చు పూస్తుంటే నిలబడి చూసేవాడట. మా అన్నగారు సున్నం అన్నది ఎగతాళికే అయినా, గురి మరీ తప్పలేదని ఇది చదివాక మాకు అనిపించింది.

ఫయ్యూమ్ ముఖాలు, సినాయ్ మఠం

మైనంతో రంగులు వేయడం అమెరికావాళ్లు కనిపెట్టిన విద్య కాదు. దీన్ని ఎన్‌కాస్టిక్ అంటారు. వేడితో లోపలికి పట్టించడం అని ఆ గ్రీకు మాటకు అర్థం. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల వేడికి కరుగుతుంది. అందులో కాస్త గుగ్గిలం, పొడిరంగు కలిపి పలక మీద పూస్తారు. ఒక్కో పూతను మళ్లీ వేడి చేసి కింది పూతతో కలిసిపోయేలా చేస్తారు. తేనెటీగ పేరుతో ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉందని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అదే ఈగ కడుపు నుంచి ఊరిన మైనం ఈ కళకు ఆధారం.

ఈజిప్టులోని ఫయ్యూమ్ ప్రాంతంలో క్రీస్తు శకం 1 నుంచి 3వ శతాబ్దం దాకా చనిపోయినవారి ముఖాలను చెక్క పలకల మీద చిత్రించి మమ్మీకి అమర్చేవారు. వాటిలో చాలా వాటిని మైనంతోనే వేశారు. ఫ్లిండర్స్ పెట్రీ 1888లో హవారాలో తవ్వినప్పుడు ఇవి గుట్టలుగా బయటపడ్డాయి. ఇప్పటికి తెలిసినవి సుమారు 900. పద్దెనిమిది వందల ఏళ్లు గడిచినా ఆ కళ్లు నిన్న వేసినట్టే ఉంటాయి. మైనానికి చెమ్మ పట్టదు, పాతబడిన నూనెలా పచ్చబారదు.

సినాయ్ కొండ కింది సెయింట్ కేథరిన్ మఠంలో 6వ శతాబ్దం నాటి మైనపు చిత్రాలు ఉన్నాయి. 8, 9 శతాబ్దాలలో బైజాంటైన్ చక్రవర్తులు మతచిత్రాలను నాశనం చేయమని ఆజ్ఞలిచ్చారు. అప్పుడు వారి రాజ్యంలో ఇలాంటి చిత్రాలు లెక్కలేనన్ని పోయాయి. సినాయ్ అప్పటికే ముస్లింల పాలనలో ఉంది. చక్రవర్తి ఆజ్ఞ అక్కడిదాకా సాగలేదు కాబట్టి ఈ మఠంలోనివి మిగిలాయి. ఆ ప్రహరీ లోపలే ఫాతిమీల కాలం నాటి మసీదు కూడా ఉంది. మార్డెన్ కథకు దీనితో నేరుగా సంబంధం లేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాము.

మన వైపు కూడా మైనం పని ఉంది. మచిలీపట్నం, పెడన కలంకారీ ఆడవాళ్లకు కొత్తగా పరిచయం చేయాలా! గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ తీరం నుంచి ఓడలెక్కిన బట్టలకు నీలం అద్దేటప్పుడు, నీలం పట్టకూడని చోట కరిగిన మైనం పూసి తొట్టిలో ముంచేవారు. మన అద్దకంలో మైనం రంగును రానివ్వదు. మార్డెన్ చేతిలో అదే మైనం రంగును పట్టి నిలిపింది.

ఎలా చేసేవాడు?

నూనెరంగుకు ఒక మెరుపు ఉంటుంది. దీపం ఎటు ఉంటే అటు తళుక్కుమంటుంది. ఆ తళుకు అడ్డం వస్తే రంగు కనిపించదు, దీపమే కనిపిస్తుంది. మార్డెన్‌కు ఇది గిట్టలేదు. కరిగించిన తేనెమైనం, టర్పెంటైన్, నూనెరంగు కలిపి, ఆ ముద్దను పొయ్యి మీద గోరువెచ్చగా ఉంచేవాడు. కుంచెతో గుడ్డ మీద పూసి, చల్లారేలోగా వెడల్పాటి పలుచని రేకుగరిటెతో సాపు చేసేవాడు. దాని మీద మరో పూత, ఆపైన ఇంకొకటి. శుద్ధ ఎన్‌కాస్టిక్‌లోలా ప్రతి పూతనూ మళ్లీ కాల్చేవాడు కాదు కాబట్టి ఇది దానికి దాయాది పద్ధతి. మెరుపు పోయి పైభాగం ఒంటి చర్మంలా, నలిగిన తోలులా తయారయ్యేది. వెలుతురు దాని మీద పడి తిరిగి రాదు, లోపలికి ఇంకిపోయినట్టుంటుంది.

ఆ రంగులకు పేరు పెట్టడం కష్టం. బూడిద అనుకుంటే పచ్చ తగులుతుంది, పచ్చ అనుకుంటే మట్టి తగులుతుంది. పూతల మీద పూతలు వేస్తూ రంగు మార్చుకుంటూ పోయేవాడు కనుక అడుగున ఉన్నవి పైకి ఊపిరి పోసేవి. తొలి రోజుల చిత్రాలలో ఒక ముచ్చట ఉంది. అడుగున సన్నని పట్టీ రంగు పూయకుండా వదిలేసేవాడు. పైనుంచి కారిన చుక్కలు, మరకలు ఆ పట్టీలో కనిపిస్తాయి. పైన ఎంత నున్నగా ఉన్నా, ఇది మనిషి చేతితో చేసిన పని అని ఆ మరకలు సాక్ష్యం చెబుతాయి. పుస్తకంలో మేము ఎక్కువసేపు చూసింది ఆ పట్టీలనే.

1966లో న్యూయార్క్‌లోని బైకర్ట్ గ్యాలరీలో అతని తొలి సొంత ప్రదర్శన జరిగింది. ఇల్లు గడవడానికి రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే పెద్ద చిత్రకారుడి దగ్గర సహాయకుడిగా కూడా చేరాడు.

1971 నుంచి గ్రీసు దేశపు హైడ్రా దీవికి వెళ్లిరావడం మొదలైంది. కార్లు తిరగని దీవి అది. అక్కడి ఆలివ్ తోటలను చూసి 'గ్రోవ్ గ్రూప్' అనే చిత్రాలు వేశాడు. ఒక్కొక్కటి 6 అడుగుల ఎత్తు, 9 అడుగుల వెడల్పు. వాటిలో ఒక్క ఆలివ్ ఆకైనా గీయలేదు. ఆలివ్ ఆకు పైన ముదురు పచ్చగా, కింద వెండిలా ఉంటుంది. గాలికి తోట అంతా ఒక్కసారి రంగు మారినట్టు కనిపిస్తుంది. ఆ రంగునే మైనంలో పట్టుకున్నాడు. 1975లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం అతని చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు అతనికి ఇంకా 37 ఏళ్లు నిండలేదు.

చేతికొచ్చిన విద్యను వదిలి

మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన ఘట్టం దీని తర్వాతది. పేరు వచ్చింది, కొనేవాళ్లు ఉన్నారు. మైనం చిత్రాలే ఇంకో ముప్పై ఏళ్లు వేసుకుంటూ కూర్చున్నా ఎవరూ కాదనరు. కానీ 1980ల మొదట్లో అతను మైనం వదిలేశాడు. చేతికి పూర్తిగా పట్టుబడిన పని ఇక తనను ఎక్కడికీ తీసుకుపోదని అతనికి తోచింది. ఏళ్ల తరబడి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ పెద్ద చర్చి కిటికీ అద్దాలకు నమూనాలు గీశాడు. ఆ పని చివరికి జరగనే లేదు. ఆ నమూనాలు గీస్తూ గీస్తూ మాత్రం గాజులోంచి వచ్చే వెలుతురు, గీతల అల్లిక అతని మనసులో నాటుకున్నాయి.

థాయ్‌లాండ్, శ్రీలంక, భారతదేశం తిరిగి వెళ్లిన ఆ రోజులలోనే, 1984లో న్యూయార్క్‌లో జపాన్ లిపికళా ప్రదర్శన చూశాడు. చైనా కవి హాన్ షాన్ పద్యాల అనువాదం చేతికి వచ్చింది. ఇక కుంచె పక్కన పెట్టి, చెట్ల నుంచి విరిచిన పొడవాటి పుల్లలను సిరాలో ముంచి గీయడం మొదలుపెట్టాడు. పుల్ల పొడవు కాబట్టి చేయి చెప్పినట్టల్లా వినదు. గీత వణుకుతుంది, వంకర పోతుంది. చైనా రాతలాగే కుడివైపు పైనుంచి మొదలుపెట్టి ఎడమకు సాగేవాడు. కుడి నుంచి ఎడమకు, పుల్లతో, సిరాతో! మక్తబ్‌లో కలం చెక్కుకుని తఖ్తీ రాసిన పెద్దలకు ఇందులో వింత ఏముంటుంది?

ఆ గీతల నుంచి పుట్టినవే 'కోల్డ్ మౌంటెన్' చిత్రాలు. ఆరు చిత్రాలు, ఒక్కొక్కటి 9 అడుగులకు 12 అడుగులు, 1991కి పూర్తయ్యాయి. ఒక గీత గీస్తాడు, నచ్చకపోతే గీకేస్తాడు, మళ్లీ గీస్తాడు. గీకేసినదాని నీడ కింద మిగిలే ఉంటుంది. మైనం పోయినా పూత మీద పూత వేసే అలవాటు పోలేదన్నమాట.

2006లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం అతని జీవితకాల కృషిని ప్రదర్శించింది. 2017లో క్యాన్సర్ బయటపడింది. అయినా పని ఆపలేదు. 2023 ఆగస్టు 9న, 84వ ఏట కన్నుమూశాడు.

మళ్లీ మా ఇంటికి

ఇదంతా మా అన్నగారికి చెప్పాము. మ్యూజియం కాపలా సంగతి వినగానే "చూశావా, చివరికి కాపలా ఉద్యోగమే" అన్నారు. 2020లో అతని చిత్రం ఒకటి వేలంలో 3 కోట్ల డాలర్లకు పైగా పలికిందని చెప్పినప్పుడు మాత్రం కళ్లజోడు పెట్టుకుని పుస్తకం అందుకున్నారు. ధర చెప్పి ఒప్పించడం మాకు నచ్చలేదు. ఆ ధర పలికే చిత్రకారులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మన పిల్లవాడు వారిలో ఉంటాడని మేమెలా చెప్పగలము? అది కూడా అన్నగారికి చెప్పాము. ఆయన పుస్తకం మూసేశారు.

వంటింట్లో మైనం కరిగించే పిల్లలున్న తల్లులకు ఒక మాట. నేరుగా మంట మీద పెట్టనివ్వకండి. నీళ్లు మరుగుతున్న గిన్నెలో పాత డబ్బా ఉంచి అందులో కరిగించాలి. పొగ వచ్చేదాకా కాచకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. టర్పెంటైన్ సీసా పొయ్యి దరిదాపుల్లోకి రాకూడదు. మా వాడికి ఇప్పుడు ఒక పాత పాల డబ్బా ఇచ్చాము.

ఆ అట్ట ఇంకా హాలులోనే గోడకు ఆనించి ఉంది. మొన్న జుహర్ నమాజ్ అయ్యాక అమ్మీ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. చాలాసేపటికి, "పొద్దున ఈ రంగు ఇలా లేదు కదరా" అంది. ఎండ మారింది దాదీమా అన్నాడు వాడు. ఆమె లేచి బొటనవేలితో ఒకచోట నొక్కి చూసింది. మైనం పూతలు చాలా సున్నితం, గోరు తగిలినా గీత పడుతుంది, వేలు తగిలినా గుర్తు పడుతుంది. ఆ ముద్ర అలాగే ఉండిపోయింది. సరిచేస్తాడనుకున్నాము కానీ వాడు ముట్టుకోలేదు.

అన్నగారు ఇంకా ఏమీ తేల్చలేదు. ఫీజు గడువు వచ్చే నెల పదో తారీఖు.