గుండెకు దారి: గజ్జ నుంచా? మణికట్టు నుంచా?

ఛాతీనొప్పితో ఆసుపత్రిలో చేరిన వ్యక్తికి యాంజియోగ్రామ్ చేయవలసి ఉంటుందని వైద్యుడు చెప్పగానే బంధువులు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఖర్చెంత? ప్రాణానికి భయం లేదు కదా? గొట్టాన్ని శరీరంలోకి ఎక్కడి నుంచి పంపుతారన్న మూడవ ప్రశ్న వేసేవారు అరుదు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు కొంతవరకు ఈ మూడవ దానిలోనే ఉన్నదని గత మూడు దశాబ్దాల పరిశోధనలు వెల్లడిస్తున్నాయి.

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులలో అడ్డంకులు ఎక్కడెక్కడ ఉన్నదీ తెలుసుకొనేందుకు కెథీటర్ అనే సన్నని గొట్టాన్ని ధమని గుండా గుండె వరకు పంపి, ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని చిమ్మి చిత్రాలు తీస్తారు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ మేసన్ సోన్స్ మరొక పరీక్ష చేస్తుండగా ఈ ద్రవం పొరపాటున కరోనరీ ధమనిలోకి వెళ్లడం, రోగికి ప్రాణాపాయం కలగకపోవడంతో ఈ విధానానికి నాంది పడింది. సోన్స్ మోచేతి వద్ద కోత పెట్టి ధమనిని బయటకు తీసేవారు. 1967లో డాక్టర్ మెల్విన్ జడ్కిన్స్ గజ్జలోని తొడ ధమని నుంచి సూది, తీగ సాయంతో పంపే కెథీటర్లను రూపొందించిన తరువాత ప్రపంచమంతటా గజ్జ దారే రాజమార్గమైంది.

తొడ ధమని పెద్దది, తేలికగా దొరుకుతుంది. చిక్కల్లా పరీక్ష ముగిసిన తరువాతనే. రంధ్రాన్ని పావుగంటకు పైగా అదిమి పట్టాలి. ఆపైన రోగి కాలు కదపకుండా కొన్ని గంటలపాటు వెల్లకిలా పడుకొని ఉండాలి. నడుమునొప్పి ఉన్నవారికి, మూత్రవిసర్జనకు లేవవలసిన వృద్ధులకు ఇది పరీక్షను మించిన శిక్ష. రక్తస్రావం పైకి కనిపించకుండా పొట్ట వెనుక భాగంలోకి జరిగితే, గుర్తించేసరికే పరిస్థితి విషమించే ప్రమాదం ఉంది.

మణికట్టు వద్ద నాడి చూసే ధమని సన్నగా, చర్మానికి దగ్గరగా, ఎముకపై ఆని ఉంటుంది. రక్తం కారితే వెంటనే కనిపిస్తుంది, పట్టీ బిగిస్తే ఆగుతుంది. పైగా చేతికి మరొక ధమని నుంచి కూడా రక్తం అందుతుంది గనుక ఒకటి మూసుకుపోయినా సాధారణంగా చేతికి హాని కలగదు. కెనడాలోని మాంట్రియల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ లూసియెన్ కాంపో 1989లో ఈ దారిన వందమందికి యాంజియోగ్రామ్ చేసిన అనుభవాన్ని ప్రకటించారు. అనంతరం ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టర్ ఫెర్డినాండ్ కీమెనై బృందం ఇదే దారిన యాంజియోప్లాస్టీ, స్టెంట్ అమర్చడం కూడా సాధ్యమేనని నిరూపించింది.

2011లో వెలువడిన ‘రైవల్’ అధ్యయనంలో 32 దేశాలకు చెందిన 7,021 మంది రోగులను రెండు పద్ధతులకు విభజించి పరిశీలించారు. వీరు గుండెపోటు లేదా దానికి సమీప స్థితిలో ఉన్నవారు. మరణం, గుండెపోటు, పక్షవాతం, పెద్ద రక్తస్రావాలను కలిపి చూస్తే రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే రక్తనాళాలకు తీవ్రమైన చిక్కులు గజ్జ పద్ధతిలో 3.7 శాతం మందికి రాగా, మణికట్టు పద్ధతిలో 1.4 శాతం మందికే వచ్చాయి. 2015లో 8,404 మందిపై జరిపిన ‘మేట్రిక్స్’ అధ్యయనంలో మరణాలు సైతం తగ్గినట్లు తేలింది. కేవలం పరీక్ష కోసమే వచ్చే, నిలకడగా ఉన్న రోగుల విషయంలో ప్రాణాలు కాపాడుతుందని చెప్పడం అతిశయోక్తి కావచ్చు. వారికి కలిగే లాభం ప్రధానంగా తక్కువ రక్తస్రావం, త్వరగా లేచి నడవగలగడం.

ఖర్చు సంగతి కూడా గమనార్హం. అమెరికాలో పరీక్ష కోసం వచ్చిన 200 మందిపై జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో మణికట్టు పద్ధతి వల్ల ఆసుపత్రి ఖర్చు ఒక్కొక్కరికి 290 డాలర్ల వరకు తగ్గింది. మనదేశంలో 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి విధించినప్పుడు పెద్ద చర్చ జరిగింది. గొట్టం ఏ దారిన పోవాలన్నది ఆ చర్చలోకి రాలేదు. కానీ ఉదయం వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్లగలిగిన రోగికి పడక అద్దెతో పాటు వెంట వచ్చిన మనిషి కూలి కూడా మిగులుతుంది. ఈ లెక్క ఆసుపత్రి బిల్లులో కనిపించదు.

ఇంత అనుకూలత ఉన్నా కొత్త దారి వ్యాప్తి నత్తనడకనే సాగింది. అమెరికాలో 2007లో యాంజియోప్లాస్టీలలో మణికట్టు వాటా 1.2 శాతం మాత్రమే. అది 2022 నాటికి సగం దాటింది. మనదేశంలో ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించినవారిలో అహ్మదాబాద్ వైద్యుడు డాక్టర్ తేజస్ పటేల్ ప్రముఖులు. ఆయనకు 2015లో పద్మశ్రీ లభించింది.

ఆలస్యానికి కారణం చేతివాటమే. సన్నని ధమని బిగుసుకుపోవచ్చు, మెలికలు తిరిగి ఉండవచ్చు. ‘రైవల్’లో మణికట్టు నుంచి మొదలుపెట్టి మరో దారికి మారవలసి వచ్చినవారు 7.6 శాతం కాగా, గజ్జ నుంచి మారినవారు 2 శాతమే. ఎక్స్‌రే సమయం కూడా కాస్త ఎక్కువే. డయాలసిస్ అవసరం కాగల మూత్రపిండ రోగులకు చేతి ధమనులను భద్రపరచవలసి ఉంటుంది గనుక వారి విషయంలో వైద్యులు ఆచితూచి వ్యవహరిస్తారు.

మరొక విచిత్రాన్ని 2015లో మాంట్రియల్ వైద్యులే బయటపెట్టారు. మణికట్టుకు అలవాటుపడిన కొద్దీ గజ్జ వద్ద చేయి తిరగడం తగ్గి, ఆ దారి తప్పనిసరి అయిన రోగులకు చిక్కులు పెరుగుతున్నాయని వారు గుర్తించారు. అలా గజ్జ దారి పట్టక తప్పనివారిలో వృద్ధులు, షాక్‌లో ఉన్నవారు, పెద్ద పరికరాలు అవసరమయ్యేవారు ఉంటారు.