తల్లీ కూతుళ్ల సైకిలు పందెము

శ్రీకాకుళము జిల్లాలోని నందిగాం, టెక్కలికిని పలాసకును నడుమ జాతీయ రహదారి మీద నున్న ఊరు. దానికి తూర్పున సముద్రము వైపు కొబ్బరి తోటలతోను, జీడిమామిడి తోటలతోను నిండిన ఉద్దానపు సీమ కలదు. ఇటువంటి పల్లె సీమలలో సైకిలు ఎంతో కాలముగా పేదవాని వాహనము. తండ్రి దానిమీద పొలమునకు పోవును. పిల్లవాడు ఎత్తు చాలక చట్రములో కాలు దూర్చి దానిమీదనే తొక్కుట నేర్చుకొనును. కొన్నాళ్లకు ఆ పిల్లవాడు తండ్రితో సమముగా తొక్కును. మరికొన్నాళ్లకు తండ్రిని దాటిపోవును. ఆ దాటిపోయిన దినమున తండ్రి మనస్సులో సంతోషము కలుగునా, చింత కలుగునా?

కుమారుని చేతిలో ఓడిపోవుటను తండ్రి కోరుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. బభ్రువాహనుని కథ అందరును ఎరిగినదే. అర్జునుడు అశ్వమేధపు గుఱ్ఱము వెంట మణిపురమునకు రాగా, అతని కుమారుడైన బభ్రువాహనుడు యుద్ధమునకు బదులు కానుకలతో ఎదురు వచ్చెను. అర్జునుడు దానికి మెచ్చుకొనలేదు. వీరుడవై యుండి పోరాడకుండుట తగదని మందలించెను. అప్పుడు కుమారుడు విల్లందుకొనెను, తండ్రిని పడగొట్టెను. పోటీ యను నది ఒకసారి మొదలైన తరువాత చుట్టరికము దానిని ఆపరాదని ఈ కథ తెలుపును. అయితే ఓడిన వాని మనస్సు ఎట్లుండునో నేర్చుకొనుటకు నిజముగా జరిగిన యొక చరిత్ర కలదు. అది ఇంగ్లండు దేశములో ఒక తల్లికిని, ఆమె కూతురునకును సంబంధించినది. తల్లి పేరు బెరిల్ బర్టన్. కూతురు పేరు డెనీస్.

బెరిల్ 1937వ సంవత్సరము మే 12వ తేదీన ఇంగ్లండు ఉత్తర భాగములోని లీడ్సు నగరములో పుట్టెను. పదునొకండేండ్ల వయస్సున ఆమెకు కీళ్లవాత జ్వరము వచ్చెను. నెలల తరబడి ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. పిదప విశ్రాంతి గృహములో ఒక సంవత్సరమునకు పైగా గడపెను. ఈ జ్వరము గుండెను దెబ్బతీయునది. అందుచే ఒడలు అలయు పనులేవియు చేయవలదని వైద్యులు ఆమెకు చెప్పిరి. చదువు మధ్యలో ఆగెను. కొంత కాలమునకు ఆమె ఒక బట్టల కర్మాగారములో పనికి కుదిరెను. అచ్చటనే చార్లీ బర్టన్ అను యువకునితో పరిచయమయ్యెను. అతడు సైకిలు సంఘములో సభ్యుడు. ఆమెను సైకిలు ఎక్కించినవాడతడే. 1955లో వారికి పెండ్లి జరిగెను. 1956లో డెనీస్ పుట్టెను.

మొదట భర్త వెంట పోవుటకే కష్టపడిన బెరిల్ త్వరలోనే అతనిని మించిపోయెను. చార్లీ దానికి నొచ్చుకొనలేదు. తన పందెములను తగ్గించుకొని, భార్య సైకిలు బాగుచేయుట, ఆమెను పందెములకు తీసికొనిపోవుట, దారిలో ఆహారమందించుట తన పనిగా పెట్టుకొనెను. ఒక యింటిలో ఒకరు గెలువవలెనన్న మరియొకరు ఎంతో శ్రమపడవలసి యుండును. ఆ శ్రమకు పతకములుండవు.

బెరిల్ జీవితాంతము ఔత్సాహిక క్రీడాకారిణిగానే యుండెను. అనగా పందెములే జీవనోపాధిగా పెట్టుకొనలేదు. వృత్తి క్రీడాకారిణిగా చేరుమని సైకిళ్లు తయారుచేయు ఒక పెద్ద సంస్థ పిలిచినను ఆమె అంగీకరింపలేదు. మోర్లీ అను పట్టణమున ఒక తోటలో ఆమె కూలిపని చేసెను. ఆ తోటలో రూబార్బు అను మొక్కను పెంచెడివారు. దాని లావైన కాడలను ఆ దేశస్థులు తీపి వంటలలో వాడుదురు. పగలంతయు త్రవ్వుట, మోయుట, పని ముగిసిన పిదప సైకిలు సాధన, ఆదివారము పందెము, వీటి నడుమ ఇంటి పని. ఇట్లు గడచెను ఆమె జీవితము.

ఆమె సాధించిన విజయములను లెక్కించుట సులభము కాదు. సైకిలు పందెములలో ముఖ్యముగా మూడు విధములు కలవు. మొదటిది గడియారముతో పందెము. ఇందులో పోటీదారులు ఒకరి వెనుక ఒకరు నిమిషము చొప్పున వ్యవధితో బయలుదేరుదురు. ఎవరికి తక్కువ కాలము పట్టునో వారు గెలుతురు. ఒకరి చాటున మరియొకరు తొక్కరాదు. రెండవది దారి పందెము. ఇందులో అందరును ఒక్కమారు బయలుదేరుదురు. గమ్యము ముందుగా దాటినవారిదే గెలుపు. మూడవది తరుము పందెము. ఇది గుండ్రని ప్రత్యేక బాటమీద జరుగును. ఇద్దరు పోటీదారులు బాటకు చెరియొక వైపునను నిలిచి, ఒకే క్షణమున బయలుదేరి, ఒకరినొకరు తరుముదురు.

బెరిల్ తరుము పందెములో అయిదు పర్యాయములును, దారి పందెములో 1960, 1967 సంవత్సరములలో రెండు పర్యాయములును ప్రపంచ విజేత అయ్యెను. గడియారపు పందెములలో ఏటేట బ్రిటనులో ఉత్తమ మహిళకు ఇచ్చు బిరుదును 1959 మొదలు 1983 వరకు వరుసగా 25 సంవత్సరములు ఇతరులకు దక్కనీయలేదు. స్త్రీల సైకిలు పందెము ఒలింపిక్ క్రీడలలో మొదటిసారి చేరినది 1984లో. అప్పటికి ఆమెకు 47 ఏండ్లు నిండెను. అందుచే ఒలింపిక్ పతకము మాత్రము ఆమెకు దక్కలేదు.

1967లో జరిగిన పండ్రెండు గంటల పందెము ఆమె కీర్తికి శిఖరము. ఆ పందెములో పండ్రెండు గంటలలో ఎవరు ఎంత దూరము తొక్కుదురో కొలుతురు. ముందు పురుషులు బయలుదేరిరి. వారి తరువాత స్త్రీలు బయలుదేరిరి. బెరిల్ ఒక్కొక్క పురుషుని దాటుచు పోయి, చివరకు అందరికంటె ముందున్న మైక్ మెక్‌నమారాను కలిసికొనెను. అతడును ఆనాడు పురుషుల రికార్డును నెలకొల్పుచున్న మేటి. అతనిని దాటునప్పుడు ఆమె తన జేబులోని మిఠాయి బిళ్ల నొకదానిని అతనికి అందించెను. అతడును దానిని పుచ్చుకొనెను. ఆనాడు ఆమె తొక్కిన దూరము 277.25 మైళ్లు, అనగా సుమారు 446 కిలోమీటర్లు. శ్రీకాకుళమునుండి విజయవాడకు గల దూరము ఇంచుమించుగా అంతే. మెక్‌నమారా తొక్కిన దూరము దానికంటె ముప్పాతిక మైలు తక్కువ. ఆ స్త్రీల రికార్డు 2017 వరకు, అనగా యాబది సంవత్సరములు నిలిచెను.

ఇట్టి తల్లి యింట డెనీస్ పెరిగెను. ఆ యింటిలో మాటలు సైకిళ్లను గురించి, ప్రయాణములు పందెములకు. ఆమెయు పందెములలో దిగెను. 1972లో, ఆమెకు పదునారేండ్ల ప్రాయమున, తల్లీ కూతుళ్లిద్దరును ప్రపంచ పోటీలకు బ్రిటను తరపున ఎన్నికైరి. 1975లో డెనీస్ ప్రపంచ తరుము పందెములో కాంస్య పతకము గెలుచుకొనెను. ఇక ఆమె పేరు చెప్పుటకు తల్లి పేరు చెప్పనక్కర లేకపోయెను.

నడుమ వయస్సు దాటుచున్న తల్లియు, యౌవనమున నున్న కూతురును ఒకే పందెములో సమానముగా నిలుచుట ఎట్లు సాధ్యమని సందేహము కలుగవచ్చును. పరుగు పందెపు చివర చూపు వేగము వంటిది యౌవనముననే ఎక్కువ. కాని గంటల తరబడి ఒకే తీరున శ్రమించు ఓర్పు సాధనవలన పెరుగును. వయస్సుతో అది మెల్లగా మాత్రమే తగ్గును. అందుచే దూరపు సైకిలు పందెములో ఇరువదేండ్ల వారును, నలుబదేండ్ల వారును ప్రక్క ప్రక్కన సాగుట కలదు. గమ్యము చేరువైనపుడు మాత్రము యౌవనమునకు అనుకూలత ఎక్కువ.

దారి పందెములో మరియొక రహస్యము కలదు. సముద్రపు ఎదురుగాలిలో సైకిలు తొక్కిన ఉద్దానపు పిల్లలకు అది సులభముగా తెలియును. వేగముగా పోవు సైకిలుకు గాలియే పెద్ద అడ్డంకి. ముందు పోవువాడు ఆ గాలిని చీల్చును. అతని చాటున దగ్గరగా వచ్చువానికి శ్రమ నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు తగ్గును. కావున గుంపునుండి విడివడి ముందుకు సాగిన కొలదిమంది, వెనుకటివారు తమను పట్టుకొనకుండుటకై వంతులవారీగా ముందుండి గాలిని భరింతురు. ఒకరు తమ వంతు తీసికొనకున్న మిగిలినవారికి కోపము వచ్చును. అయినను అట్లు చేయుట నియమములకు విరుద్ధము కాదు. బలమును దాచుకొనుటయు పందెములో ఒక నేర్పే.

1976లో స్త్రీల బ్రిటిషు జాతీయ దారి పందెము జరిగెను. తల్లికి దాదాపు నలుబదేండ్లు, కూతురునకు ఇరువదేండ్లు. గమ్యము దగ్గర పడుసరికి ఇద్దరును ముందు వరుసలో నుండిరి. చివరి పరుగులో డెనీస్ తల్లిని దాటి గమ్యము చేరెను. జాతీయ విజేత కూతురు. రెండవ స్థానము తల్లిది. బహుమతి వేదికపై ఇద్దరును నిలిచిరి. ఓడినవారు గెలిచినవారి చేయి కలుపుట ఆచారము. బెరిల్ కూతురు చేతిని అందుకొనలేదు.

చూచినవారు నిశ్చేష్టులైరి. అపరిచితుడైన పురుషునికి దారిలో మిఠాయి అందించిన ఆమెయే కన్నకూతురునకు చేయి అందింపకపోయెను. డెనీస్ దారిలో తన వంతు శ్రమ పడక, గాలి భారమంతయు ఇతరులకు వదలెనని బెరిల్ భావించెను. అది నిజమే యైనను, కారణమంతయు అదియే కాకపోవచ్చును. ఇరువది సంవత్సరములకు దగ్గరగా ఓటమి అన్నది అరుదుగా ఎరిగిన మనిషి ఆమె. ఆమెను నడిపించినది గెలువవలెనన్న పట్టుదల. జబ్బుపడిన బాలికను ప్రపంచ విజేతను చేసినదియు ఆ పట్టుదలయే. కూతురు ఎదుట చేయి చాపనీయనిదియు ఆ పట్టుదలయే. ఒక్క గుణమే ఒకచోట మేలును, వేరొకచోట కీడును చేయుట లోకములో కలదు.

పది సంవత్సరముల తరువాత, 1986లో, బెరిల్ తన జీవిత చరిత్రను ప్రకటించెను. అందులో ఆమె ఈ సంగతిని దాచలేదు. ఆనాటి తన ప్రవర్తన క్రీడకు మేలు చేయలేదని ఒప్పుకొనెను. తన విజయములను చెప్పుకొనుట సులభము. తాను చిన్నబోయిన క్షణమును పదిమందికి చెప్పుట కష్టము.

ఇక కూతురు చేసినదానిని గూర్చి ఆలోచింపవలెను. తల్లియందలి గౌరవముచే ఆమె చివరి క్షణమున వేగము తగ్గించి యుండవచ్చునా? తగ్గించినచో అది తల్లికి గౌరవము కాదు. పోరాడుటకు తగని వృద్ధురాలని చెప్పుట యగును. తన యావచ్ఛక్తితో పోటీ పడుటయే ఎదుటివారికి చూపు నిజమైన మర్యాద. మణిపురములో అర్జునుడు కుమారునికి నేర్పినది ఇదియే. డెనీస్ తన తల్లినుండి నేర్చినదియు ఇదియే.

తల్లీ కూతుళ్ల బంధము ఆ వేదికమీద తెగిపోలేదు. 1982లో వారిద్దరును జోడు సైకిలు మీద కూర్చుండిరి. జోడు సైకిలుకు రెండు ఆసనములు, రెండు జతల తొక్కుడు కడ్డీలు ఉండును. చక్రములు మాత్రము రెండే. ముందున్నవారు దారి చూపుదురు. వెనుకనున్నవారు వారిని నమ్మి బలమునంతయు ధారపోయుదురు. ఇద్దరి కాళ్లును ఒక్క లయలో తిరుగవలెను. ఆ సైకిలుమీద తల్లీ కూతుళ్లు పది మైళ్ల దూరమును 21 నిమిషముల 25 సెకండ్లలో ముగించి స్త్రీల బ్రిటిషు రికార్డు నెలకొల్పిరి. వారి వేగము గంటకు సుమారు 45 కిలోమీటర్లు. ఆరేండ్లకు పూర్వము ఒకరి చాటున ఒకరు నిలిచిరని తగవు వచ్చెను. ఇప్పుడు ఒకరి చాటున ఒకరు కూర్చుండుటయే వారికి బలమయ్యెను.

బెరిల్ వయస్సు మళ్లినను సైకిలు విడువలేదు. 1996వ సంవత్సరము మే 5వ తేదీన, తన 59వ పుట్టినరోజు వేడుకకు మిత్రులను పిలుచుటకై ఆహ్వాన పత్రికలు తీసికొని సైకిలుమీద బయలుదేరెను. దారిలో గుండె ఆగి కన్నుమూసెను. చిన్ననాడు జ్వరము సోకిన నాటినుండి వైద్యులు భయపడిన గుండె అది. దానిని ఆమె నలుబదేండ్లు పందెములలో పరుగెత్తించెను. మోర్లీ పట్టణమున ఆమె పేర ఒక ఉద్యానవనము కలదు.

బిడ్డ చేతిలో ఓటమిని కోరుకొనవలెనను పెద్దల మాట వినుటకు ఇంపుగా నుండును. ఆచరించుట మాత్రము కష్టము. ఓటమి వచ్చిన క్షణముననే చేయి చాపగలుగుట కొందరికే సాధ్యము. తక్కినవారు ఆ విద్యను కాలక్రమమున నేర్చుకొనవలసియుండును. బెరిల్ బర్టన్ గెలుచుటను త్వరగా నేర్చెను, ఓడుటను ఆలస్యముగా నేర్చెను. అయినను నేర్చెను. పోటీలలో దిగు బాలబాలికలును, వారిని సాగనంపు తల్లిదండ్రులును ఆమె గెలుపులతోబాటు ఈ యొక్క ఓటమిని గూడ జ్ఞాపకముంచుకొనదగును.